స్ప్రింగులు మార్పించకండి బాబూ!

మీ కారు కింద స్ప్రింగులు కుంగిపోయాయా? స్ట్రట్లలో నూనె కారిపోయిందా? అయితే మీరు అదృష్టవంతులు. ఆ కారును అలాగే ఉంచండి. తెలిసీ తెలియక మెకానిక్ షెడ్డు వైపు తిప్పారో, తర్వాత మీ సంసారానికి ఏం జరిగినా నాకు సంబంధం లేదు.

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఈ రోజుల్లో ఎవరిని చూసినా మెత్తటి ప్రయాణం మీదే మోజు. గోతిలో పడ్డా తెలియకూడదట! స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినా కడుపులో చల్ల కదలకూడదట! అంత సుకుమారంగా వెళ్లి ఎక్కడ చేరుతున్నామండీ? ఆ ఆఫీసుకే కదా.

విషయం తెలియనివారి కోసం ఒక్క మాట. కారు చక్రానికీ కారు ఒంటికీ మధ్య ఒక లావుపాటి స్ప్రింగు ఉంటుంది. దాని నడుమలోంచి నూనె నింపిన గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. దాన్నే స్ట్రట్ అంటారు. గొయ్యి తగలగానే స్ప్రింగు ఎగిరిపడుతుంది. స్ట్రట్ దాన్ని పట్టుకుని, ఇక చాల్లే ఊరుకో అని సముదాయిస్తుంది. కారు పాతబడ్డాక ఆ సముదాయించే ఓపిక పోతుంది. అప్పుడు కారు తనకు బుద్ధి పుట్టినంతసేపు ఎగురుతుంది, మోగుతుంది, మూలుగుతుంది.

ఇందులో నష్టం ఏముంది చెప్పండి. అలాంటి కారులో రోజూ తిరిగేవాడికి వేరే వ్యాయామం ఎందుకు? మెడ, నడుము, మోకాళ్లు అన్నీ ఒకేసారి కదులుతాయి. పొద్దున తిన్నది మొదటి సిగ్నల్ దాటేలోగా అరిగిపోతుంది. జిమ్ముకు వెళ్లేవాళ్లు చెమటోడ్చి సాధించేదాన్ని మనం సీటు బెల్టు పెట్టుకుని, కూర్చున్న చోటే సాధిస్తాం.

వెనక సీట్లో ఎవరైనా పోట్లాడుకుందామన్నా కుదరదు. 'నువ్వు' అని మొదలుపెట్టేసరికి 'వ్వు' దగ్గర గొయ్యి వస్తుంది. కోపంలో ఉన్న మనిషికి తన నాలుక తనే కరుచుకోవడం కంటే పెద్ద శిక్ష ఉందా? చివరికి ఆ పక్కవాడి చెయ్యే పట్టుకుని కూర్చోవాలి. ఇక లిఫ్ట్ అడిగేవాళ్ల బెడద అసలే ఉండదు. ఒకసారి ఎక్కి దిగినవాడు రెండోసారి మన కారును చూడగానే ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి నడుస్తాడు.

అయితే ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం మోత.

పూర్వం రాజుగారు సభకు వస్తుంటే ముందు ఒకడు 'బహుపరాక్' అని అరుస్తూ నడిచేవాడు. ఎందుకంటారు? రాజుగారి గొప్ప చాటడానికా? కానే కాదు. సభలో కునుకు తీసేవాడు లేచి కూర్చోవడానికి, రాజుగారి మీద జోకులేసేవాడు మాట మార్చుకోవడానికి. అరిగిపోయిన సస్పెన్షన్ ఆ సేవను మనకు జీతం బత్తెం లేకుండా చేసిపెడుతుంది.

నా సంగతే తీసుకోండి. నా కారు మోత మా వీధి మలుపులో మొదలవుతుంది. నేను గేటు తీసేసరికి మా అబ్బాయి పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంటాడు. మా ఆవిడ మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంటుంది. ఇల్లంతా సూది పడితే వినబడేంత ప్రశాంతంగా ఉంటుంది. ఏ బడి, ఏ ట్యూషను ఇంత క్రమశిక్షణ నేర్పగలవు?

ఈ రహస్యం గ్రహించలేక స్ప్రింగులు మార్పించి, ఇల్లు గుల్ల చేసుకున్న ఒక మహానుభావుడి కథ చెబుతాను. ఆయన పరాయివాడేం కాదు, మా అక్క మొగుడు. బావను నలుగురిలో ఆడిపోసుకునే హక్కు బావమరిదికి పుట్టుకతో వస్తుంది కాబట్టి మొహమాటపడకుండా చెబుతాను.

మా బావగారు ఇనప బీరువాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. రంగు వేసి, తాళం బిగించాక, లారీ ఎక్కే ముందు ప్రతి బీరువా ఆయన ముందు నిలబడాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరుగుతారు. కళ్లజోడు ముక్కు కొసకు జారుస్తారు. చూపుడువేలి కణుపుతో తలుపు మీద టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటారు. తర్వాత 'ఊఁ' అంటారు. ఆ 'ఊఁ' విన్నాక షెడ్డులో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోరు.

"కిర్రుమంటోంది. ఎవరు బిగించారిది?" అంటారు అప్పుడు.

ఇంటికొచ్చినా ఆయన డ్యూటీ దిగరు. గుమ్మం దగ్గర చెప్పులు వరసలో ఉన్నాయా లేవా, టేబుల్ మీద గ్లాసు పెట్టిన చోట తడి మరక ఉందా, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందా అని చూస్తారు. చెడ్డమనిషి కాదండోయ్. తిట్టడం, చెయ్యెత్తడం ఆయన ఇంటా వంటా లేవు. చూస్తారు, అంతే. చూసి 'ఊఁ' అంటారు.

అందరి కిర్రులూ వినబడే ఆ చెవికి సొంత కారు మోత మాత్రం ఏనాడూ వినబడలేదు! ఆ కారు కొత్తగా కొన్ననాడు నా పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు అది స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఎవరో ఇనప సామాన్ల గోనెసంచి మెట్ల మీంచి దొర్లించినట్టు ఉంటుంది. ముందు ధడేల్‌మంటుంది, తర్వాత లొడలొడమంటుంది, చివర్లో ఒక మూలుగు. ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని ప్రశాంతంగా కూర్చుంటారు.

ఆ మోత ఫ్యాక్టరీ గేటు చేరేసరికి వాచ్‌మన్ చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. షెడ్డులో రేడియో ఆగిపోతుంది. సాయంత్రం అదే మోత ఇంటి వీధి మలుపు తిరిగేసరికి ఎదురింటాయన తన స్కూటర్‌ను వీళ్ల గేటు ముందు నుంచి తీసేస్తాడు. ఇంట్లో టీవీ ఆగుతుంది. కాలేజీలో చదివే నా మేనకోడలు కాలితోనే చెప్పులన్నీ వరసలోకి తోస్తుంది. బావగారి అమ్మగారు, అంటే ఆ ఇంటి పెద్దావిడ, తినకూడని తీపి బిస్కెట్ల పొట్లం దిండు కింద దోపి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని కళ్లు మూసుకుంటుంది. మా అక్క టేబుల్ మీది మరక తుడిచి, ముఖం మీద నవ్వు కూడా తుడిచి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళుతుంది. బావగారు గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇల్లు అద్దంలా ఉంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూశారా!

ఆయన కాఫీ తాగుతూ రోజూ ఒకటే మాట అడుగుతారు. "ఏంటి విశేషాలు?"

"ఏం లేవు," అంటుంది అక్క.

"ఏం లేవు నాన్నా," అంటుంది అమ్మాయి.

పెద్దావిడ కళ్లు మూసుకునే ఉంటుంది.

ఇందులో బావగారికి ఒక దిగులు ఉండేది. అది నాకు ఒక్కడికే చెప్పారు. ఒకరోజు మా ఇంటికొచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని, చాలాసేపు నా కుర్చీ చేతిని ఊపి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఏవోయ్, మీ అక్క పెళ్లికి ముందు కూడా ఇంత మౌనంగానే ఉండేదా?"

నాకు పొలమారింది. మా అక్క మౌనమా? చిన్నప్పుడు మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ, వాళ్లు వీధి చివర దాకా వెళ్లకముందే, మంచమెక్కి ఆడి చూపించేది. ఒక పెద్దాయన తుమ్మును అది తుమ్మి చూపిస్తే, ఆయన గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాడనుకుని మా నాన్న గుమ్మంలోకి వెళ్లి చూశాడు.

"వయసు పెరిగితే తగ్గుతుందేమో బావా," అన్నాను.

"అది కాదోయ్. రోజూ అడుగుతాను. ఏమీ ఉండవంటుంది. నాకేమో ఆవిడతో కాసేపు మాట్లాడాలని ఉంటుంది. ఇంతమంది ఉన్న ఇంట్లో ఒక్క విశేషం కూడా జరగదంటే, ఏదో లోపం ఉన్నట్టే కదా. ఎక్కడుందో పట్టుకోలేకపోతున్నాను."

లోపాలు పట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి నోట ఆ మాట వింటే నాకే జాలేసింది. అయినా నేను నిజం చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? వ్యవస్థ బాగా నడుస్తున్నప్పుడు వేలుపెట్టడం నా స్వభావం కాదు.

అలా నడిచిపోతున్న సంసారంలోకి ఫ్యాక్టరీ యజమాని వచ్చిపడ్డాడు. ఒక సాయంత్రం ఆయన కారు మొరాయించడంతో మా బావగారి కారు ఎక్కాడు. దారిలో నాలుగైదు గోతులు పలకరించాయి. ఆయన తల కారు పైకప్పుకు రెండుసార్లు తగిలింది. దిగాక జుట్టు సర్దుకుంటూ అన్నాడు.

"ఏమయ్యా, బీరువా తలుపు కాస్త కిర్రుమంటే లారీ ఆపేస్తావు. ఈ మోతలో రోజూ ఎలా తిరుగుతున్నావయ్యా?"

బావగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, కారును తీసుకెళ్లి షెడ్డులో పెట్టారు. చూశారా, ఒక్క మాటకు లొంగిపోతే ఎంత అనర్థమో!

ఆ షెడ్డు మెకానిక్‌ను అందరూ డాక్టరు అంటారు. కారు బాగాలేదని తెచ్చినవాడిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, వాడి బీపీ పెరిగేదాకా కారు గురించి భయపెడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అతను బావగారి కారు బానెట్‌ను ఒక మూల రెండు చేతులతో నొక్కి వదిలాడు. కారు పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది.

"ఒకసారి లేచి ఆగిపోవాలి సార్. ఇదేంటి, తల ఊపుతూనే ఉంది? నాలుగు పక్కలా పోయింది. అన్నీ మార్చాల్సిందే. ఎన్నాళ్ల నుంచి సార్ ఈ మోత?"

"ఏ మోత?" అన్నారు బావగారు.

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నడిపేవాళ్లకి తెలీదులెండి. మీరు వెనక కూర్చోండి, నేను తోలుతాను," అన్నాడు.

వీధి చుట్టూ ఒక చక్కరు తిరిగి వచ్చారు. ఇన్నేళ్లలో సొంత కారులో వెనక సీట్లో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి. దిగేసరికి ముఖం పాలిపోయింది. "రోజూ ఇలాగే ఉంటుందా?" అని మాత్రం అడిగారు.  ఇన్నేళ్లూ ఆ వెనక సీట్లో తన తల్లీ, కూతురూ కూర్చున్నారు మరి.

సాయంత్రం దాకా పని సాగింది. చక్రాలు ఊడదీసి, తుప్పు పట్టిన స్ట్రట్లు బయటికి లాగి, స్ప్రింగును ఇనప కొక్కేల మధ్య పెట్టి మర తిప్పుతూ నొక్కిపట్టాడు డాక్టరు. ఫ్యాక్టరీకి బయల్దేరే ముందు బావగారు కళ్లజోడు జార్చి ముందుకు వంగారు.

"దగ్గరికి రావద్దు సార్. నొక్కిపెట్టి ఉంది కదా, పట్టు జారిందంటే ముఖమ్మీదికి వస్తుంది," అన్నాడు డాక్టరు.

సాయంత్రం ఫ్యాక్టరీలో పని ముగించుకుని వచ్చి కారు తీసుకున్నారు బావగారు. ఆ కారు ఇప్పుడు కాస్త ఎత్తుగా, కొత్త పెళ్లికొడుకులా నిలబడి ఉంది. దారిలో గోతులున్నాయి గానీ వాటి ఊసే లేదు. ఆయనకు పొంగు ఆగలేదు. ఇంటికి వెళ్లగానే అందరినీ ఎక్కించుకుని అలా తిప్పి తీసుకురావాలని అనుకున్నారు. వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగారు. చప్పుడు లేదు. ఎదురింటి స్కూటర్ గేటుకు అడ్డంగా అలాగే ఉంది. పక్కన ఆపుకుని, దిగి, గేటు తీశారు. అప్పుడు వినబడ్డాయి నవ్వులు.

ఎవరో చుట్టాలొచ్చారనుకున్నారు ఆయన. గుమ్మం దగ్గర చెప్పులు చూశారు. ఇంట్లోవాళ్లవే, తలా ఒక దిక్కున పడి ఉన్నాయి. లోపల మళ్లీ నవ్వులు. కిటికీ పరదా సందులోంచి చూశారు.

హాలు మధ్యలో మా అక్క నిలబడి ఉంది. బావగారి పాత కళ్లజోడు ముక్కు కొసన పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తోంది. అమ్మాయి చేతులు గుండెల మీద కట్టుకుని బిగుసుకుని నిలబడింది. అది బీరువా. అక్క బీరువా చుట్టూ ఒకసారి తిరిగి, దాని భుజం మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుంది.

"ఊఁ," అంది.

బీరువాకు నవ్వు ఆగడం లేదు.

"కిర్రుమంటోంది. ఎవరు కన్నారిది?"

సోఫాలో బిస్కెట్టు తింటున్న పెద్దావిడ చెయ్యెత్తింది. "దాని సంగతి నాకు తెలీదు గానీ, ఆ ఇన్‌స్పెక్టర్ని కన్నది మాత్రం నేనేనయ్యా. తప్పయిపోయింది," అంది.

ఇక ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. పెద్దావిడ కళ్ల నీళ్లు కొంగుతో తుడుచుకుంది.

బయట బావగారికి చెవులు వేడెక్కాయి. కోపమే వచ్చింది, దాచడం దేనికి. లోపలికి వెళ్లి గట్టిగా 'ఊఁ' అందామనుకున్నారు. అంతలో ఆయనలోని ఇన్‌స్పెక్టర్ ఒక లోపం పట్టాడు. తను కొట్టేది చూపుడువేలితో. అక్క కొట్టింది మధ్యవేలితో. మిగతా అంతా అచ్చు గుద్దినట్టుంది. మెడ వంచడం, కళ్లు మూయడం, ఆ 'ఊఁ'కు ముందు పెదవి బిగించడం. పెదవి బిగిస్తానని ఆయనకే తెలియదు. ఇన్నేళ్లలో తనను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి మరొకరు లేరని ఆయనకు తోచింది. ఆ మనిషి నవ్వితే ఇలా ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. కోపం ఎటుపోయిందో పోయింది. ఇంకాసేపు చూడాలనిపించింది.

చూడనిస్తారా? ఎదురింటాయన స్కూటర్ కోసం బయటికొచ్చి, కారును చూసి ఉలిక్కిపడి, "అదేంటండీ, ఎప్పుడొచ్చారు? చప్పుడే లేదు. లోపలికి వెళ్లకుండా అలా నిలబడ్డారేం?" అని వీధంతా వినబడేలా అడిగాడు.

నవ్వులు కోసేసినట్టు ఆగిపోయాయి. లోపల దడదడా అడుగులు. బావగారు ఆగారు. వాళ్లు సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చి, అప్పుడు లోపలికి వెళ్లారు. పెద్దావిడ దుప్పటి కింద ఉంది. అక్క కాఫీ గ్లాసుతో వచ్చింది. ముక్కు కొసన కళ్లజోడు నొక్కిన గుర్తులు ఇంకా పోలేదు.

"ఏంటి విశేషాలు?" అన్నారు ఆయన. ఈసారి నిజంగా అడిగారు.

"ఏం లేవు," అంది అక్క.

అయినా అందరినీ కారెక్కించారు. ఊరు చుట్టూ తిప్పారు. ఎవరి తలా ఎక్కడా తగల్లేదు. "బాగుందండీ," అంది అక్క. "బాగుంది నాన్నా," అంది అమ్మాయి. ఇదివరకు కారులో మాటలు లేకపోవడానికి మోత ఒక సాకుగా ఉండేది. ఇప్పుడు మోత లేదు. వెనక సీట్లోంచి పెద్దావిడ శ్వాస తీసుకోవడం కూడా వినబడుతోంది. ఇల్లు చేరేదాకా ఆయన ఆ శ్వాసే వింటూ నడిపారు.

అసలు అనర్థం ఆ మర్నాటి నుంచి మొదలైంది. కారు చప్పుడు చేయదని ఇంట్లో తెలిసిపోయింది కదా! ఆయన ఏ క్షణానైనా రావచ్చు. టీవీ పెట్టడం మానేశారు. చెప్పులు మధ్యాహ్నం నుంచే వరసలో ఉంటున్నాయి. పెద్దావిడ బిస్కెట్లు మానేసి నిజంగానే నీరసపడింది. బావగారు రోజూ కిటికీ దగ్గర నిలబడి చెవి ఒగ్గి వింటారు. ఏమీ వినబడదు. ఫ్యాన్ తిరిగే చప్పుడు, అంతే. ఇంట్లో నవ్వు పూర్తిగా పోయింది. పోగొట్టింది తనే.

అప్పుడు మళ్లీ నా దగ్గరికి వచ్చారు. కిటికీలోంచి చూసినదంతా చెప్పారు. కుర్చీ చేతిని ఊపి చూడలేదు. అది చూసి నాకు భయమేసింది.

"నేను లేనప్పుడైనా నవ్వుకునేవారు కదోయ్. ఇప్పుడు అదీ లేకుండా చేశాను. పాత స్ప్రింగులు మళ్లీ వేయిస్తే?"

"బంగారంలాంటి ఆలోచన బావా," అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్లాం. విషయం విని అతను చేతిలోని రెంచి కింద పెట్టాడు.

"ఇన్నేళ్ల నా సర్వీసులో బాగుచేయమన్నవాళ్లే గానీ, బాగుచేసింది పాడుచేయమన్నవాళ్లు లేరు సార్. మీ పాత సామాను ఆవాళే తుక్కు బండి ఎక్కింది. అయినా మోత ఎందుకు సార్ మీకు?"

"నేను వస్తున్నట్టు మా వాళ్లకి ముందే తెలియాలయ్యా."

"దానికి హారన్ ఉంది కదా సార్."

"హారన్ కొడితే నాకు తెలిసిపోయిందని వాళ్లకి తెలిసిపోతుంది," అన్నారు బావగారు.

డాక్టరుకు ఈ ముక్క అర్థం కాలేదు. మీరు ఒకసారి మంచి డాక్టరుకు చూపించుకోండి అన్నట్టు నా వైపు చూశాడు.

బావగారు కారు ఇంటి వైపు తిప్పారు. నన్ను కూడా ఇంటికి రమ్మన్నారు. వెళ్లేసరికి ఇల్లు ఎప్పట్లా ఉంది. పెద్దావిడ దుప్పట్లో ఉంది. అమ్మాయి పుస్తకం ముందు ఉంది. అక్క కాఫీ తెచ్చింది. నేను తీసుకున్నాను. బావగారు తీసుకోలేదు. ఏంటి విశేషాలని అడగనూ లేదు.

చేతులు వెనక్కి కట్టుకున్నారు. హాలులో మూలనున్న బీరువా చుట్టూ నడవబోతే గోడ అడ్డం వచ్చింది, సగం తిరిగి వెనక్కి వచ్చారు. కళ్లజోడు ముక్కు కొసకు జార్చారు. వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నారు.

"ఊఁ," అన్నారు.

అందరం బిగుసుకుపోయాం.

"నిన్ననే నూనె వేశాను నాన్నా," అంది అమ్మాయి, పుస్తకం మూసేసి. పాపం, తనను తాను వెక్కిరించుకునే మనిషికీ అసలు మనిషికీ ఎవరికి తేడా తెలుస్తుంది?

బావగారు కళ్లు తెరవలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో మొదటిసారి స్టేజీ ఎక్కినవాడిలా ఉన్నారు.

"కిర్రుమంటోంది," అన్నారు.  "ఎవరు కన్నారిది?"

అక్క చేతిలో ట్రే కదిలింది. ఆ మాట బావగారు బీరువాను ఏనాడూ అడగలేదు. ఆ మాట తనది. ఆమె భర్తను చూసింది, కిటికీ వైపు చూసింది, మళ్లీ భర్తను చూసింది.  ఇక ఆయన కళ్లు తెరిచి, ఏం లేదులే అని కాఫీ అందుకునేవారే. సరిగ్గా అప్పుడు దుప్పట్లోంచి ఒక చెయ్యి పైకి లేచింది.

"నేనేనయ్యా కన్నది," అంది పెద్దావిడ. "తప్పయిపోయింది."

అమ్మాయి ముందు నవ్వింది. నవ్వి, నోరు మూసుకుని తండ్రి వంక చూసింది. ఆయన ఇంకా బీరువాకు చెవి ఆనించే ఉన్నారు, భుజాలు కదులుతున్నాయి. అవి నవ్వులో ఏడుపులో నాకు తెలియలేదు. అక్క ట్రే కింద పెట్టి దగ్గరికి వెళ్లింది.

"అలా కాదండీ. మీరు అంత మెల్లగా వంగరు. పైగా మధ్యవేలితో కొట్టారేంటి? మీరు కొట్టేది చూపుడువేలితో."

"నువ్వే మధ్యవేలితో కొట్టావు. నేను నిన్ను చూసి నేర్చుకున్నాను."

"చూశారా?"

"పూర్తిగా చూడనివ్వలేదు," అన్నారు బావగారు. "ఎదురింటాయన వచ్చాడు. మిగతాది ఇప్పుడు చెయ్యి."

అక్క ఆయన ముఖం మీంచి కళ్లజోడు తీసి తను పెట్టుకుంది.

అంతటితో ఆయన మారిపోయారనుకోకండి. మర్నాడు పొద్దున్నే చెప్పుల వరసలో ఒకటి వంకరగా ఉందని 'ఊఁ' అన్నారట. ఇంట్లో ముగ్గురూ కలిసి 'ఊఁ' అన్నారట. ఆయన వంగి ఆ చెప్పు తనే సర్దుకున్నారట.

పాఠకులారా, నష్టం గమనించారా? ఒక్క రిపేరుతో ఎంతటి క్రమశిక్షణ మట్టిగొట్టుకుపోయిందో! ఇప్పుడా ఇంట్లో ఇంటాయన ఉండగానే టీవీ మోగుతోంది. పెద్దావిడ బిస్కెట్టు ఆయన కళ్లెదుటే తింటోంది, సగం విరిచి ఆయన చేతిలోనే పెడుతోంది. సాయంత్రం ఏంటి విశేషాలని అడిగితే చాలు, ముగ్గురూ ఒకేసారి మొదలుపెడుతున్నారు. కాఫీ చల్లారిపోతోంది. వినలేక చస్తున్నానోయ్ అని బావగారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో ఆ సంబరం ఏమిటో!

అందుకే మళ్లీ చెబుతున్నాను, స్ప్రింగులు మార్పించకండి. నేనైతే మార్పించను. మొన్న మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, ఒక్కరోజు నీ కారు ఆఫీసులో వదిలేసి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లి చూడరా," అంది. ఎందుకే అంటే చెప్పదు. పక్కన బావగారు నవ్వుతున్నట్టు వినబడింది.

నాకేం అవసరం? నా ఇంట్లో అలాంటివేం జరగవు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మా అబ్బాయి పుస్తకం ముందు ఉంటాడు, మా ఆవిడ మంచినీళ్లతో నిలబడి ఉంటుంది. నిన్న ఆ పుస్తకం తలకిందులుగా ఉంది గానీ, పిల్లలన్నాక అలాంటివి మామూలే. అయినా నేను మాత్రం పట్టించుకోకుండా ఉంటానా? గ్లాసు అందుకుంటూ రోజూ అడుగుతూనే ఉంటాను, ఏంటి విశేషాలని.

ఏం లేవంటారు.